పేరు నాటుది.. గుడ్డు ఫారంది

పాతబస్తీలో ఒక చౌకుకే కోడి పేరున్నది. కాగితాల మీద అది మహబూబ్ చౌక్, జనం నోట్లో ముర్గీ చౌక్. లాడ్‌బజార్ దాటినంక, 1892లో కట్టిన గడియారం గోపురం పక్కన, తరతరాలుగా కోళ్లు, పావురాలు చేతులు మారిన జాగ అది. ఇట్ల కోడిని పేరులో పెట్టుకున్న బస్తీలోనే ఇయ్యాల కోడిగుడ్డు పేరు మీద మోసం నడుస్తున్నది. ఫారం గుడ్డు ఆరేడు రూపాయలకు దొరుకుతుంటే, 'దేసీ అండా' అని గంపలో పెట్టి పదిహేను, ఇరవై అడుగుతున్నరు. ఇచ్చేటోడు ఇస్తున్నడు. ఇంట్లో బాలింత ఉన్నదనో, పిల్లగాడు బక్కగున్నడనో, ముసలితండ్రికి నీరసమనో అడిగినంత ఇచ్చి తీసుకపోతున్నడు. అందులో అసలు నాటుకోడి పెట్టిన గుడ్లు ఎన్ని?

మోసం రెండు తీర్లు. ఒకటి కచ్చా మోసం. తెల్ల ఫారం గుడ్లను చాయ్ డికాక్షన్‌లో నానబెట్టి రంగెక్కించి అమ్ముడు. తడిగుడ్డతోటి గట్టిగ రుద్దితే రంగు ఊడుతది, దొంగ దొరుకుతడు. రెండోది పక్కా మోసం, దీంట్లో దొంగ దొరకడు. గోధుమరంగు గుడ్లు పెట్టే ఫారం జాతులు వేరే ఉన్నయి. అవి కూడ షెడ్డులోనే పెరుగుతయి, సంచి దాణానే తింటయి. వాటి గుడ్డు రంగు పుట్టుకతో వచ్చిన రంగే, ఎంత కడిగినా పోదు. గుడ్డు పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తది. అది వాకిట్లో తిరిగిందా, పంజరంలో నిలబడిందా అన్నది పెంకు చెప్పదు. మనం రంగును చూసి పైసలిస్తున్నం, అమ్మేటోనికి ఆ సంగతి మనకంటె బాగ తెలుసు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలె. నాటుగుడ్డు అమృతం, ఫారం గుడ్డు విషం అని వాట్సాప్‌లో తిరిగే రాతలు చదివి మనోళ్లు కూడ అదే పాట పాడుతున్నరు. అది తప్పు. తెలంగాణ ఉద్యమం అబద్ధాల మీద నడువలేదు, లెక్కల మీద నడిచింది. 1985లో వచ్చిన 610 జీవో మొదలు గిర్‌గ్లాని కమిషన్ నివేదిక దాకా ఉద్యోగ సంఘాల మిత్రులు ఒక్కొక్క కొలువు లెక్క తీసి ముందల పెట్టిండ్రు కాబట్టే ఎదుటోని నోరు మూతపడ్డది. గుడ్డు విషయంలో కూడ అదే పద్ధతి ఉండాలె.

లెక్క ఏం చెప్తది? ఫారం గుడ్డు 50 గ్రాముల పైన తూగుతది, అందులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటయి. నాటుకోడి గుడ్డు 35, 40 గ్రాములే. అంటే గుడ్డుకు గుడ్డు చూస్తే నాటుదాంట్లోనే మాంసకృత్తులు తక్కువ. పచ్చసొన చిక్కటి పసుపు ఉంటే బలం ఎక్కువ అనుకుంటం. ఆ రంగు కోడి తిన్న ఆకు నుంచి, మక్కల నుంచి వస్తది. దాణాలో రంగు కలిపితే ఫారం గుడ్డుకు కూడ వస్తది. నాటుకోడి పక్షాన నిలిచే మాట కూడ ఉన్నది. ఎండలో తిరిగే కోడి గుడ్డులో విటమిన్ డి ఎక్కువుంటదని, పచ్చగడ్డి, పురుగులు తినే కోడి గుడ్డులో కొవ్వు తీరు కొంత మెరుగుంటదని పరిశోధనలు చెప్పినయి. తేడా ఉన్నది గని అది ధరలో ఉన్నంత లేదు. మూడింతలు పెట్టి ఒక రంగు గుడ్డు కొని పిల్లగానికి పెట్టేకంటె, అదే పైసలతోటి మూడు ఫారం గుడ్లు పెట్టినోళ్లే తెలివైనోళ్లు. పేదోని ఇంట్లో ఇయ్యాల అగ్గువకు దొరికే మంచి తిండి ఏదన్న ఉన్నదంటే అది ఫారం గుడ్డే. ఆదివారం పొద్దుగాల ఖిచ్డీ, ఖీమా, ఖట్టా తినే ఇల్లు వేరు, రెండు గుడ్లు కొట్టి ఉల్లిగడ్డ వేసి ఖాగీనా చేసుకొని అయిదుగురు పంచుకునే ఇల్లు వేరు. రెండో ఇంటికి ఫారం గుడ్డును దూరం చేసుడు పాపం.

మరి ఇంటికోడి ఎందుకు కావాలె? కొత్తదనం కోసం అని ఒక జవాబున్నది, అది చిన్నది గని నిజమైనది. పొద్దున పెట్టిన గుడ్డు పొద్దున్నే పొయ్యి మీదికి వస్తది. ఫారం గుడ్డు షెడ్డు నుంచి వ్యాపారికి, అక్కడి నుంచి హోల్‌సేల్‌కు, అక్కడి నుంచి ట్రేల మీద గల్లీ దుకాణానికి వచ్చేసరికి ఎన్ని దినాలయిందో దుకాణదారుకే తెల్వదు. విడిగ అమ్మే గుడ్డు మీద తారీకు ఉండదు. ఎండకాలం మూడు రోజులు రేకుల కొట్టులో ఉన్న గుడ్డుకు, గంపలోంచి తీసిన గుడ్డుకు వాసనలోనే తేడా తెలుస్తది. ముంతెడు నీళ్లలో వేస్తే కొత్త గుడ్డు అడుగున అడ్డం పడుకుంటది, పాతది లేచి నిలబడ్తది, మరీ పాతదైతే తేలుతది. కొత్తగుడ్డుతోటి ఒక తంటా ఉన్నది, ఉడకబెడితే పొట్టు ఊడిరాదు, తెల్లసొనను పట్టుకొనే వస్తది. పొట్టు తీయనీకె గోర్లు అరిగినయంటే ఆ గుడ్డు నిజంగ కొత్తదే అన్నట్టు.

అయితే అసలు జవాబు కోడి ఎవరి చేతిలో ఉన్నది అన్నకాడ ఉన్నది.

మన రాష్ట్రంలో గుడ్లకు కొదవలేదు. 2022-23లో దేశమంతట 13,838 కోట్ల గుడ్లు పండితే అందులో 12.77 శాతం తెలంగాణవి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తర్వాత మూడో జాగ మనది. 1,767 కోట్ల గుడ్లను మన జనానికి పంచితే తలకు 450కి పైన పడ్తయి. ఏడాదికి మనిషికి 180 గుడ్లు కావాలని పోషకాహార నిపుణుల సిఫారసు. అంటే తినాల్సిన దానికి రెండున్నర రెట్లు మన నేల మీదనే పుడుతున్నయి. అవి లారీలెక్కి మహారాష్ట్రకు, ఉత్తరాదికి పోతున్నయి. మరి 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదని తేలింది. ముగ్గురిలో ఒకరు. గుడ్డు మన గడ్డ మీదనే పుట్టినా మన పిల్లగాని గిన్నెలో పడలేదు. నీళ్లు మన పొలాల పక్కనుంచే పోయి మనకు దక్కని కాలం చూసినోళ్లం. ఈ కథ మనకు కొత్తది కాదు.

ఫారం కోడి సంగతి కూడ చూద్దాం. ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెట్టే జాతి అది. రోజుకు 110 గ్రాముల దాణా తింటది, 72 వారాలు నిండినంక అమ్మేస్తరు. పంజరంలో ఒక్కో కోడికి దొరికే జాగ 450 చదరపు సెంటీమీటర్ల దరిదాపు. ఉద్యోగ మిత్రులకు తెలిసే కొలతలో చెప్పాలంటే, మీ ఆఫీసులో వాడే ఏ4 కాగితం 620 చదరపు సెంటీమీటర్లు దాటుతది. కాగితమంత జాగ కూడ లేదన్నమాట. రెక్క చాపనీకె లేదు, మన్నులో పొర్లనీకె లేదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండ చిన్నప్పుడే ముక్కు కొస కోస్తరు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ పంజరాల సంగతి, రోగం లేకున్నా మేతలో యాంటిబయాటిక్స్ కలిపే సంగతి ఎత్తి చూపింది. మనిషికి ఏ మందూ పనిచెయ్యని కాడ ఆఖరుకు వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు వాడొద్దని కేంద్రం నిషేధం పెట్టేసరికి 2019 జూలై వచ్చింది. ఇవి చెప్తే ఫారం రైతును తిడుతున్నమని కాదు. మక్కల ధర పెరిగితే మునిగేది ఆ రైతే, బర్డ్ ఫ్లూ పుకారు లేస్తే రోడ్డున పడేది కూడ ఆయనే.

ఆ రైతు చరిత్రలో మనం నేర్చుకోవాల్సిన సంగతి ఒకటున్నది. ఒకప్పుడు గుడ్డు ధరను వ్యాపారులు చెప్పేటోళ్లు. దాణా ఖర్చు కూడ ఎల్లని ధర చెప్పినా కిమ్మనకుండ ఇచ్చుడే. 1982లో డాక్టర్ బి.వి. రావు పూనికతోటి కోళ్ల రైతులు నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ, అదే మనం నెక్ అనేది, పెట్టుకున్నరు. గుడ్డు నాది, ధర నాది, బతుకు నాది అన్నది వాళ్ల నినాదం. రోజూ పొద్దున పత్రికలో హైదరాబాద్ నెక్ రేటు అచ్చయితదంటే దాని వెనుక ఆ కొట్లాట ఉన్నది. మన స్వపరిపాలన నినాదానికి, ఆ నినాదానికి పెద్ద తేడా ఏమున్నది? అయితే ఆ మాట అనే హక్కు లక్ష కోళ్ల షెడ్డు ఉన్నాయనకే ఉన్నదా, తలాబ్‌కట్టలో ఆరు కోళ్లు పెంచుకునే ఆడామెకు లేదా?

ఈ మధ్య తలాబ్‌కట్ట, ఎర్రకుంట గల్లీల్లో తిరిగి ఇదే అడిగిన. గాజుల మీద రాళ్లు అతికే పని చేసుకుంటూ నాలుగు కోళ్లు సాకే ఒక ఖాలా లెక్క విప్పి చెప్పింది. గుడ్ల పైసలు మొగోని చేతికి పోవట, అవి ఆమెవేనట. పిల్ల బడి నోట్‌బుక్కు, దర్జీ బాకీ, దవాఖానకు ఆటో కిరాయి అన్నీ అండ్లకెల్లే. అతికిన గాజుల మజూరీ ఎప్పుడిస్తడో సేటుకే ఎరుక, కోడి మాత్రం అరువు పెట్టదు అన్నది. పక్కింటామె నవ్వుకుంట, ఎండకాలం అది కూడ పెట్టదు అని అందుకున్నది. అర్థశాస్త్రం పుస్తకాల్లో మహిళా సాధికారత అని పెద్ద మాటలు చదువుకున్నోళ్లం, ఆ నాలుగు కోళ్ల లెక్క మాత్రం ఏ సర్వే కాగితం మీద కనవడదు.

నాటుకోడి పని తీరే వేరు. ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లే, బాగ చూసుకుంటే ఇంకో ఇరవై. అయితే దానికి దాణా బిల్లు లేదు. నూకలు, మిగిలిన రొట్టె, గల్లీలో ఏరుకున్నది తింటది. పది పన్నెండు గుడ్లు గంపలో పెట్టి పొదిగేస్తే 21 రోజులకు పిల్లలు దిగుతయి. హాచరీ అవసరం లేదు, కరెంటు అవసరం లేదు. కాకి, పిల్లి మిగిల్చిన కాడికి మందయితది. పాతబస్తీకి ఇందులో ఇంకో ఘనత ఉన్నది. నిజాం కొలువులోకి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్స్ బార్కాస్ అయింది. ఆ బార్కాస్ దిక్కు అసీల్ కోళ్ల మీద ఇయ్యాలటికీ పానం పెట్టేటోళ్లున్నరు. అసీల్ అంటే మేలైన పుట్టుక ఉన్నదని. మనం రోజుకు పదిసార్లు అనే 'అసలు' అన్న మాటది కూడ అదే అరబ్బీ మూలం. పీలా, యాకూబ్, నూరీ, కాగర్, జావా, సబ్జా, టీకర్, రేజా అని ఈకల రంగును బట్టి వాటికి పేర్లు. ఆ పేర్లు వింటేనే ఇవి ఏ నుడిలో, ఏ గడ్డ మీద సాకిన కోళ్లో తెలుస్తది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు కట్టి కోట్ల పందేలు కాస్తే, కోర్టులు వద్దన్నా అది సంప్రదాయమైతది, టీవీలు లైవ్ ఇస్తయి. పాతబస్తీ పిల్లగాడు అసీల్ పుంజును చంకలో పెట్టుకొని నడిస్తే రౌడీ లెక్క చూస్తరు. పందెం ఎక్కడన్న పందెమే, కత్తి కట్టుడు ఎక్కడన్న నేరమే. చూపులో ఉన్న తేడా గురించి అంటున్న.

ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు, గౌలిపురా, ఉప్పుగూడ ఇండ్లల్లో మొక్కు తీర్చనీకె నాటుకోడే కావాలె. బాలింతకు పథ్యం పెట్టే మొఘల్‌పురా నానీకి కూడ నాటుగుడ్డే కావాలె. మతం వేరైనా ఎతుకులాట ఒక్కటే. ఎతికితే బస్తీలో దొరుకుడు కష్టమైంది, ఎందుకంటే పెంచే జాగ పోయింది. దాలాన్, దాని ముందు ఆంగన్, ఆంగన్‌లో జామచెట్టు ఉన్న పాత ఇండ్లు పంపకాల్లో ముక్కలైనయి. అరవై గజాల్లో మూడంతస్తులు లేచినయి. కోడిని ఎక్కడ వదలాలె? డాబా మీద వదిలితే గద్ద, కింద వదిలితే మోరీ.

ఈ మోరీ మాట దాటేయొద్దు. ఇంటిగుడ్డు అంటేనే శుద్ధమైంది అనేటోళ్లు ఒకసారి ఆలోచించాలె. న్యూయార్క్, సిడ్నీ లాంటి నగరాల్లో ఇంటి పెరళ్ల కోడిగుడ్లను పరీక్షిస్తే కొన్నింట్ల సీసం బయటపడ్డది. పాత రంగుల పెచ్చులు, బండ్ల పొగ ఏండ్లకేండ్లు మన్నులో దిగి, ఆ మన్ను గీకిన కోడి గుడ్డులోకి వస్తది. చిన్నచిన్న కార్ఖానాలు ఇండ్ల నడుమనే ఉన్న పాతబస్తీలో, మూసీ ఒడ్డు బస్తీల్లో ఆ ముప్పు లేదని ఎవరు చెప్పాలె? జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి తార్నాకలో ఉన్నది. పాతబస్తీ ఇండ్లల్లోంచి నాలుగొందల గుడ్లు తెచ్చి పరీక్షించుడు వాళ్లకు పెద్ద పని కాదు. చెయ్యమని అడిగే నాయకుడు కావాలె. మన ప్రతినిధులు కబ్జాల మీద, కరెంటు బిల్లుల మీద కొట్లాడుతరు గని గుడ్డు పరీక్ష అంటే నవ్వుతరు.

రోగం వచ్చినప్పుడు కూడ దెబ్బ ఇంటికోడికే ఎక్కువ. 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు ఫారం కోళ్లతోటి పాటు చుట్టుపక్కల ఇండ్లల్లో కోళ్లను కూడ ఏరి చంపిండ్రు. 2008లో పశ్చిమ బెంగాల్‌లో చచ్చినవి ఎక్కువ పేదల ఇంటికోళ్లే. మనకాడ 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చింది ఫారాల్లోనే. 2025లో చౌటుప్పల్ దిక్కు మళ్లొకసారి కనిపించింది కూడ ఫారంలోనే. వేల కోళ్లు ఒక్క కప్పు కింద ఉంటే వైరస్‌కు పండుగే. ఇంటికోడికి అంటదని అనను, అంటుతది. కని ఫారానికి బ్యాంకు లోను ఉంటది, అసోసియేషన్ ఉంటది, మంత్రి దగ్గరికి పోయే దారి ఉంటది. నాలుగు కోళ్ల ఖాలాకు ఏమున్నది?

ఇగ సర్కారు గుడ్డు కాడికి వద్దాం, నా కొట్లాటంతా అక్కడనే. రాష్ట్రం వచ్చిన ఏడు నెలలకు, 2015 జనవరి 1న, ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి వచ్చి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకునే ఏర్పాటది. ఏడు నెలల నుంచి మూడేండ్ల పిల్లలకు బాలామృతం సంచితోటి నెలకు 16 గుడ్లు లెక్కగట్టిండ్రు. మంచి పని, ఎవరు చేసినా మంచి పనే. పసిపిల్లకు గుడ్డు ఎంత పని చేస్తదో దేశదేశాల్లో చూస్తున్నరు. ఈక్వెడార్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు రోజుకొక గుడ్డు చొప్పున ఆరు నెలలు పెట్టి చూస్తే ఎదుగుదల బాగ మెరుగుపడ్డదని 2017లో రాసిండ్రు. మాలావిలో అట్లనే చేస్తే అంత ఫలితం రాలేదు, ఎందుకంటే అక్కడి పిల్లలు ముందే చేపలు బాగ తింటున్నరు. తిండిలో వేరే మాంసకృత్తి లేని పిల్లకే గుడ్డు ఎక్కువ పని చేస్తదని దీన్నిబట్టి అనుకోవచ్చు. మన బస్తీ పిల్లలు ఏ లెక్కలోకి వస్తరో ఎవరికి వాళ్లు చెప్పుకోవచ్చు.

కని ఆ గుడ్డు వచ్చే తొవ్వ చూడండి. టెండర్, కాంట్రాక్టరు, గోదాము, ఆటో. అంగన్‌వాడీకి రెండు సందుల అవతల కోడి గుడ్డు పెడ్తుంటే, ఆ అంగన్‌వాడీ పిల్లకు గుడ్డు యాభై కిలోమీటర్ల నుంచి పది రోజులకొకసారి దిగుతది. చిన్నసైజు వచ్చిందని, మురిగినయి వచ్చినయని తల్లులు అడుగుతనే ఉన్నరు, పత్రికలు రాస్తనే ఉన్నయి. ఆ సందు కోడిగుడ్డును కొనొచ్చు కదా అంటే బరువు అడ్డమొస్తది. అగ్‌మార్క్ లెక్కలో మీడియం గుడ్డు అంటేనే 45 నుంచి 52 గ్రాములు. మన నాటుగుడ్డు అంత తూగదు. ఖేల్ ఖతం.

ఖతం కాదు. చార్మినార్ నుంచి పది కిలోమీటర్ల దూరంలో, రాజేంద్రనగర్‌లో, 1988 నుంచి కోళ్ల పరిశోధన మీదనే పనిచేసే కేంద్ర సంస్థ ఉన్నది. పెరటి పెంపకం కోసమని వనరాజా, గ్రామప్రియ జాతులను తయారుచేసింది అక్కడనే. గ్రామప్రియ గోధుమరంగు గుడ్లు పెడ్తది, గుడ్డు 50 గ్రాములు దాటుతది, పెరట్లో తిరిగి ఇంత గింజ వేస్తే ఏడాదికి 150 పైన పెడ్తది. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఆరు కోళ్లు, తలకు 150, మొత్తం 900 గుడ్లు. అయిదుగురున్న ఇంటికి మనిషికి 180. నిపుణులు చెప్పిన అంకె అరవై గజాల ఇంటి డాబా మీద, మంచమంత గూటితోటి తీరుతది. నాగాలాండ్ కొండల దాకా పోయిన ఈ కోళ్లు పక్కనే ఉన్న పాతబస్తీ గల్లీలకు ఎందుకు రాలేదని ఒకరన్న అడిగినమా? ఊర్లకే పెరడు ఉంటదని, పట్నానికి ఉండదని ఎవరో అనుకున్నరు. పాతబస్తీ పట్నమే గని, దాని బతుకు సగం ఊరు లెక్కనే.

గ్రామప్రియకు ఒక లోపమున్నది, అది సరిగ పొదగదు. పిల్లలను ఆరు వారాలు ఒకచోట వెచ్చగ సాకి, టీకాలేసి ఇండ్లకు ఇయ్యాలె. అదే ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడోళ్లకు బతుకుదెరువైతది. పొదగనీకె పక్కన ఒక అసీల్ పెట్ట ఉంటే ఇంకా మంచిది, అట్ల మన జాతి కూడ నిలబడ్తది. అంగన్‌వాడీ గుడ్లన్నీ ఇట్లనే కొనాలని నేను అంటలేను, అది అయ్యే పని కాదు. వారానికి ఒక రోజు గుడ్డు ఆ బస్తీ మహిళా సంఘం నుంచే కొనాలని ఒక్క జీవో చాలు. ధర నెక్ రేటు మీద రూపాయో, రెండో ఎక్కువ పెట్టి సంఘమే చెప్పాలె. గంపలో గుడ్డు మీద నాటు అని రాసి అమ్మేటోడు ఏ కోడిదో, ఏ తారీకుదో కూడ రాయాలె, రాయకుంటే జుర్మానా వెయ్యాలె. ఆహార భద్రత అధికారులకు దీనికోసం కొత్త చట్టం అవసరం లేదు, మహబూబ్ చౌక్ దాకా నడిచే ఓపిక ఉంటే చాలు.

ఆఖరుకు కొక్కెర రోగం సంగతి. ఇంటికోళ్లను ఎక్కువ తుడిచిపెట్టేది బర్డ్ ఫ్లూ కాదు, ఇదే. ఒక్క వారంలో మంద మంద పోతది. పిల్ల పుట్టిన వారానికి కంట్లో ఒక చుక్క, ఎనిమిది వారాలకు ఒక సూది వేస్తే ఆగుతది. టీకాలు తయారుచేసే సర్కారు సంస్థ ఈ నగరంలోనే, శాంతినగర్‌లో ఉన్నది. అడ్డం పడేది సీసా. టీకా మందు వంద కోళ్లకు, అంతకంటె ఎక్కువకు సరిపోయే సీసాలో వస్తది, విప్పినంక కొద్ది గంటల్లోనే వాడాలె. నాలుగు కోళ్ల ఖాలా ఆ సీసా కొని ఏం చెయ్యాలె? 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెను నిలబెట్టిన ఉద్యోగులలో పశుసంవర్థక శాఖోళ్లు కూడ ఉన్నరు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ విద్యార్థులు ఉద్యమంలో ఎవరికంటె వెనకబడలేదు. మిత్రులారా, నెలకొక ఆదివారం ఐస్ డబ్బాలో ఒక సీసా పెట్టుకొని తలాబ్‌కట్టకు రండి. రెండు గల్లీలు కలిపితే వంద కోళ్లు తేలుతయి, ఇంటింటికి తిప్పే పని అక్కడి పిల్లలే చూసుకుంటరు.